అరటి తోట నేర్పిన విద్య అడవి పండ్ల చెట్లను కాపాడుతుందా?

గుంటూరు, కృష్ణా జిల్లాల అరటి రైతుకు టిష్యూ కల్చర్ (చిన్న మొక్క ముక్క నుంచి ప్రయోగశాల సీసాల్లో వేల మొక్కలు పెంచే పద్ధతి) అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. లంక భూముల్లో పిలకలు తవ్వి నాటిన కాలాన్నీ, ప్లాస్టిక్ ట్రేలలో జానెడు మొక్కలుగా దిగుతున్న అరటి రకం గ్రాండ్ నైన్‌నూ ఈ ప్రాంతం చూసింది. ఆ మొక్కలు నాటితే తోటంతా ఒకే ఎత్తున లేస్తుంది. గెలలు ఇంచుమించు ఒకేసారి కోతకొస్తాయి. పిలకతో పాటు పొలంలోకి దిగే వైరస్ తెగుళ్ల భయం, పరీక్షించి ఇచ్చిన మొక్కతో చాలావరకు తప్పుతుంది. రైతుకైనా, లారీ పెట్టి కోసుకుపోయే వ్యాపారికైనా ఇంతకన్నా కావలసిందేముంది?

ఇదే పద్ధతితో అడవి పండ్ల చెట్లను కూడా కాపాడుకోవచ్చన్న మాట తరచుగా వినిపిస్తుంది. మొర్రి తగ్గిపోయింది, పాల చెట్టు అరుదైంది, శేషాచలం కొండల్లోని మొగి అంతరించే దశకొచ్చింది, సీసాల్లో వేలకొద్దీ మొక్కలు తయారుచేసి కొండల మీద నాటితే సరిపోతుంది గదా అని. ఆశ మంచిదే, అందులో నిజం కూడా ఉంది. అయితే అరటిలో ఏ గుణం చూసి టిష్యూ కల్చర్‌ను మెచ్చుకుంటామో, అడవి చెట్టు దగ్గరకొచ్చేసరికి ఆ గుణమే ప్రమాదమై కూర్చుంటుంది. తోటకు అన్నీ ఒకే పోలికలో ఉండాలి. అడవి బతికేది మాత్రం దేనికదే వేరైన చెట్ల మీద. ఈ సంగతి మొదటే పట్టించుకోకపోతే, ప్రయోగశాల ఎంత చురుగ్గా పనిచేస్తే నష్టం అంత పెద్దదవుతుంది.

బజారులో పండు ఉంది, కొండ మీద చెట్టు లేదు

విజయవాడలో రైతుబజార్ల బయట, గవర్నర్‌పేట రోడ్ల పక్కన బండ్ల మీద నేరేడు పండ్లు ఏటా కనిపిస్తూనే ఉంటాయి. భోగి నాడు పిల్లల తలల మీద పోయడానికి రేగుపండ్లకు కొరత లేదు. వినాయక చవితికి వెలగకాయ కావాలంటే దొరుకుతుంది. అందువల్ల పట్టణంలో ఉన్నవారికి అడవి పండ్లకేదో ఆపద వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. కానీ బండి మీద నిగనిగలాడే పెద్ద నేరేడు, పెద్ద రేగు చాలావరకు అంటు మొక్కల తోటల్లో కాసినవే. అవి ఉన్నంత మాత్రాన అడవిలోని చెట్లు బాగున్నట్టు లెక్క కాదు.

నిజమైన లెక్క పల్నాడులో మాచర్ల దాటి నాగార్జునసాగర్ వైపు, నల్లమల అంచులో తెలుస్తుంది. ఎండాకాలం ఆకు రాల్చే అడవి అది. మొర్రి, తునికి, పాల, నేరేడు, వెలగ, కలివి, పరికి అక్కడి పండ్లు. చెంచుల వేసవి తిండిలో వీటికి పెద్ద చోటుంది, ఎలుగుబంటి తిండిలో మరీను.

మొర్రి కథ ముందు చెప్పుకోవాలి. మిఠాయిల మీద చల్లే సారపప్పు ఈ చెట్టు గింజలోని పలుకే. పండు తియ్యగా ఉంటుంది గానీ ధర పలికేది పప్పు. అడవి అందరిదీ కాబట్టి ముందు కోసినవారికే గింజ దక్కుతుంది, ఆలస్యం చేసినవారికి ఖాళీ కొమ్మ మిగులుతుంది. ఆ పోటీలో కాయ పండకముందే దులిపేస్తారు, అందని చోట కొమ్మ నరికేస్తారు. ఇందులో ఇంకో నష్టం దాగి ఉంది. మామిడి పండు తిని టెంక పారేస్తాం, ఎక్కడో ఒకచోట అది మొలుస్తుంది. మొర్రిలో మార్కెట్టు కొనేది గింజనే. చెట్టు కాసిన సంతానమంతా మూటగట్టుకుని ఊరికి పోతే, కింద మొలకెత్తడానికి మిగిలేదేమీ ఉండదు. మిగిలిన కాసిన్ని గింజలకు గట్టి పెంకు అడ్డం, మొలిచినవాటికి వేసవి మంటలూ మేకలూ అడ్డం. పెద్ద చెట్లు నిలబడి ఉన్నా వాటి కింద పిల్ల మొక్కలు లేని అడవి, పైకి పచ్చగా కనిపిస్తూనే ముసలిదైపోతుంది.

పాల చెట్టుది ఇంకో తరహా. పసుపుపచ్చ చిన్న పండ్లు కాస్తుంది, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కలప గట్టిది. కోస్తా నర్సరీల్లో సపోటా మొక్క కొంటున్నవారిలో ఎక్కువమందికి తెలియని విషయం ఒకటుంది. పైన ఉన్నది అమెరికా ఖండం నుంచి వచ్చిన సపోటా కొమ్మ. కింద మట్టిలో ఉన్న వేరు ఈ పాల చెట్టుది. సపోటా అంటు కట్టడానికి మన దేశంలో ఎక్కువగా వాడే వేరుమొక్క ఇదే. ఊరి తోటలో తినే సపోటాను నిలబెడుతున్నది అడవి చెట్టు వేరన్నమాట. అడవిలో పాల చెట్టు పోతే ఆ నష్టం పళ్ల తోటకూ తగులుతుంది.

ఇక మొగి. నేరేడుకు దగ్గరి చుట్టం. శాస్త్రీయ నామం సైజీజియం ఆల్టర్నిఫోలియం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో శేషాచలం, వెలికొండ, నల్లమల వంటి కొండలకే పరిమితమైన చెట్టు. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. పండు తింటారు, గింజను నేరేడు గింజలాగే మధుమేహానికి మందుగా వాడతారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా నమోదైంది. ఈ చెట్టును సీసాలో పెంచే పద్ధతి 1997లోనే 'ప్లాంట్ సెల్ రిపోర్ట్స్' అనే అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. పద్ధతి చేతికొచ్చి పాతికేళ్లు దాటింది. అయినా మొగి ఆపద నుంచి బయటపడలేదు. ఈ వ్యాసం అడిగే ప్రశ్న అంతా ఇక్కడే ఉంది: పద్ధతికీ రక్షణకూ మధ్య ఏం మిగిలిపోయింది?

దాచుకోలేని గింజ

ముందు టిష్యూ కల్చర్ నిజంగా ఎక్కడ అవసరమో చూడాలి. వరి, కంది, మిరప గింజల్ని తేమ తగ్గేదాకా ఆరబెట్టి, మైనస్ 18 డిగ్రీల చలిలో దాస్తే దశాబ్దాల తరబడి ప్రాణంతో ఉంటాయి. ఢిల్లీలోని జాతీయ జన్యుబ్యాంకు అయినా, 2008లో నార్వే మంచుకొండలో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన ఖజానా అయినా ఈ సూత్రం మీదే నడుస్తాయి. కానీ అన్ని గింజలూ ఇలా లొంగవు. 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త విత్తనాలను ఆరబెట్టి దాచడానికి వీలైనవి, వీలుకానివి అని రెండు తరగతులుగా విడదీశాడు. మామిడి, పనస, నేరేడు రెండో తరగతివి. నేరేడు గింజను ఎండబెడితే చచ్చిపోతుంది. తడిగా ఉంచితే రోజుల్లోనే మొలకెత్తుతుంది, లేదా బూజు పడుతుంది. ఏ ఖజానాలోనూ దీన్ని డబ్బాలో పెట్టి మరచిపోలేము.

కాబట్టి ఇటువంటి చెట్టుకు మిగిలిన దారులు కొన్నే. బతికున్న చెట్టుగా తోటలో పెంచాలి, సీసాలో కణజాలంగా ఉంచాలి, లేదా గింజలోని పిండాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించాలి. చివరిదాన్ని క్రయోప్రిజర్వేషన్ అంటారు. ఆ చలిలో కణంలో ఏ చర్యా జరగదు, కాలం ఆగిపోయినట్టే. కానీ కణంలోని నీరు మంచు పలుకులుగా మారితే పొరలు చిరిగిపోతాయి. అందుకని ముందే నీటిని తగ్గించి, రక్షక ద్రావణాల్లో నానబెట్టి, గాజులా గట్టిపడేటట్టు చేస్తారు. తిరిగి వెచ్చచేసినప్పుడు ఆ పిండం మొక్కగా లేవాలంటే మళ్లీ టిష్యూ కల్చరే కావాలి. ఎటు తిరిగినా, గింజ దాచలేని చెట్టుకు ఈ విద్య తప్పదు.

తప్పనిసరి కాని చెట్లూ ఉన్నాయి, ఆ మాట కూడా గట్టిగా చెప్పాలి. రేగు, వెలగ, మారేడు, ఉసిరి గింజతోనే బాగా మొలుస్తాయి, అంటుకు లొంగుతాయి. వెలగ, మారేడు నిమ్మ కుటుంబానివి, ల్యాబ్‌లో కూడా తేలిగ్గా స్పందిస్తాయి, అందుకే వాటి మీద పరిశోధనా పత్రాలు బోలెడు వచ్చాయి. తేలిక కాబట్టి పని జరిగింది, అవసరం వల్ల కాదు. ఒక మంచి నర్సరీ, నాలుగు మడులు, గింజ ఏ కొండ నుంచి వచ్చిందో రాసిపెట్టుకునే ఒక మనిషి ఉంటే ఆ చెట్లకు సీసా అక్కర్లేదు. ఏసీ గదుల ఖర్చును గింజ రాని, దాగని, చాలా తక్కువ తల్లి చెట్లు మిగిలిన జాతుల కోసం అట్టే పెట్టుకోవాలి.

సీసాలో ఏం జరుగుతుంది

మొక్కలోని ఒక్క కణం నుంచి పూర్తి మొక్క రాగలదన్న ఊహ 1902లో హేబర్లాంట్ అనే వృక్షశాస్త్రవేత్తది. ఆయన ప్రయోగాలు ఫలించలేదు. కణాన్ని ఎటు నడిపించాలో తెలిసింది అర్ధశతాబ్దం తర్వాత. ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు రకాల హార్మోన్ల పాళ్లను బట్టి వేరు రావాలో, చిగురు రావాలో తేలుతుందని 1957లో స్కూగ్, మిల్లర్ చూపించారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడే పోషక మీడియం 1962లో మురాషిగె, స్కూగ్ తయారుచేసినది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి ఉమ్మెత్త పూల పుప్పొడి నుంచి మొక్కలు సృష్టించి ఈ రంగంలో మన దేశం పేరు నిలబెట్టారు.

పని చెప్పడానికి సులువు. చెట్టు నుంచి ఒక కణుపు ముక్కో, చిగురు కొనో తీసుకుంటారు. కడిగి, ఆల్కహాల్‌లో ముంచి, సూక్ష్మజీవుల్ని చంపే ద్రావణంలో కొన్ని నిమిషాలు ఉంచుతారు. వడకట్టిన శుభ్రమైన గాలి వీచే లామినార్ ఫ్లో బల్ల దగ్గర కూర్చుని, అధిక పీడన ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికించిన మీడియం మీద నాటుతారు. అందులో లవణాలు, విటమిన్లు, 3 శాతం చక్కెర, గడ్డకట్టడానికి అగర్, కొలిచి వేసిన హార్మోన్లు ఉంటాయి. 25 డిగ్రీల గదిలో రోజుకు 16 గంటల వెలుగులో పెడితే కణుపులోని మొగ్గ విచ్చుకుని చిగుళ్లు గుంపుగా వస్తాయి. వాటిని విడదీసి మళ్లీ నాటతారు. చాలినన్ని వచ్చాక వేళ్లు తెప్పించే మీడియంలోకి మారుస్తారు.

అరటిలో ఇది సాఫీగా సాగుతుంది. చెట్టులో ప్రతి మెట్టూ మొండికేస్తుంది.

మొదటి మొండితనం నల్లబడటం. నేరేడు జాతి, మొర్రి, ఉసిరి అన్నీ వగరు చెట్లే. ఆ వగరు ఫినాల్ పదార్థాలది. కోసిన చోట అవి కారి గాలి తగలగానే నల్లగా మారి, మీడియాన్నంతా విషం చేస్తాయి. ముక్క తన రసంలో తానే చస్తుంది. విటమిన్ సి, సిట్రిక్ ఆమ్లం కలపడం, బొగ్గుపొడి వేయడం, మొదటి రోజులు చీకటిలో ఉంచడం, రోజు విడిచి రోజు కొత్త సీసాలోకి మార్చడం దీనికి విరుగుడులు. రెండోది బూజు. ఏళ్ల తరబడి ఎండా వానా తిన్న కొమ్మలో, పైకి కడిగినా పోని శిలీంధ్రాలు, బ్యాక్టీరియా లోపలే కాపురం ఉంటాయి. సీసాలో చక్కెర దొరకగానే విజృంభిస్తాయి. వర్షాకాలంలో కోసిన కొమ్మల సంగతి చెప్పనక్కర్లేదు.

మూడోది వయసు. ముదురు చెట్టు కణజాలం మొలక కణజాలంలా మాట వినదు, చిగురు వేసినా వేరు వేయనంటుంది. పోషకాల పాళ్లు కూడా తేడా పడతాయి. అరటికీ పొగాకుకూ నచ్చే గాఢమైన నత్రజని చెట్లకు పడకపోవచ్చు. అందుకే 1980 ప్రాంతంలో లాయిడ్, మెక్‌కౌన్ కలప మొక్కల కోసం లవణాలు తగ్గించిన మీడియం వేరుగా తయారుచేశారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. వాణిజ్య తోటకు బాగా కాసిన ముదురు చెట్టు నకలే కావాలి కాబట్టి వయసు సమస్యను ఎలాగైనా జయించాల్సిందే. రక్షణకు ఆ బలవంతం లేదు. గింజల్ని శుభ్రమైన సీసాలోనే మొలిపించి, ఆ లేత మొలకల కణుపుల్ని వాడుకోవచ్చు. నల్లబడటం తగ్గుతుంది, బూజు తగ్గుతుంది, వేరు తేలిగ్గా వస్తుంది. అన్నిటికన్నా పెద్ద లాభం, సాధారణంగా ప్రతి గింజా తల్లిదండ్రుల కలయికలో పుట్టిన కొత్త జీవి. యాభై గింజలంటే యాభై వేర్వేరు వంశాలు. తోట లెక్కలో లోపం అనిపించేది రక్షణ లెక్కలో వరం.

గింజ మొండిదైనప్పుడు పిండాన్ని బయటికి తీసి పెంచే మార్గమూ ఉంది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి పండ్ల చెట్టు కాకపోయినా ఇక్కడ దాన్ని తలుచుకోవాలి. దాని గింజకు గట్టి పెంకు, లోపల దీర్ఘనిద్ర. పిండాన్ని విడదీసి, మొలకెత్తించే హార్మోన్ జిబ్బరెల్లిక్ ఆమ్లం ఉన్న మీడియంలో మొలిపించిన పరిశోధనలు తెలుగు నేల మీదే జరిగాయి. విజయవాడకు కూతవేటు దూరంలోని ఒక కళ తన ముడిసరుకు కోసం ఈ విద్య వైపు చూడగలదంటే, మొర్రి గింజకు కూడా అదే మార్గం పరీక్షించదగ్గది.

ఎందరు తల్లులు?

ఒక కణుపు నుంచి ఏడాదిలో వేల మొక్కలు రావచ్చు. ఆ వేల మొక్కలూ ఒక్క చెట్టే. ఈ వాక్యాన్ని రక్షణ ప్రాజెక్టుల మొదటి పేజీలో రాసుకోవాలి.

అరటికి ఇది ఇబ్బంది కాదు. మనం తినే అరటికి గింజే లేదు, పిలకలతోనే తరతరాలుగా నడుస్తోంది, తెగులొస్తే మందు కొట్టడానికి రైతున్నాడు. అడవిలో చెట్టుకు మందు కొట్టే మనిషి ఉండడు. ఒక ఏడు వాన రాదు, ఇంకో ఏడు కొత్త పురుగు వస్తుంది. గుంపులో కొన్ని చెట్లు తట్టుకునేవి ఉంటేనే జాతి మిగులుతుంది. ఒకే చెట్టు నకళ్లతో కొండ నింపితే, ఆ చెట్టుకు ఏది పడదో అది వచ్చిన రోజున కొండంతా పోతుంది.

పూత దగ్గరే ఇంకా ముందు దెబ్బ తగలవచ్చు. చాలా అడవి చెట్లు తన పుప్పొడిని తాను ఒప్పుకోవు, వేరే చెట్టు పుప్పొడి కావాలి. నకళ్ల మధ్య ఎన్ని తేనెటీగలు తిరిగినా అది తన పుప్పొడే. పచ్చగా పూసి, కాయ నిలవని తోట అవుతుంది. తునికి, ఈత వంటివాటిలో ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. పండు కాసే చెట్టు మంచిదని ఆడ చెట్టునే ఎంచి సీసాల్లో పెంచితే ఆ కొండ మీద తర్వాతి తరం పుట్టదు.

మరి ఎందరు తల్లులుంటే చాలు? 1975లో మార్షల్, బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇచ్చిన లెక్క ఇప్పటికీ మార్గదర్శకమే. ఒక గుంపులో 5 శాతం కన్నా ఎక్కువగా కనిపించే జన్యువుల రకాలలో 95 శాతాన్ని పట్టుకోవాలంటే 50 నుంచి 100 మొక్కల నుంచి నమూనాలు కావాలి. అది ఒక్క చోటి లెక్క. శేషాచలంలో ఒకసారి, నల్లమలలో ఒకసారి, వెలికొండల్లో ఒకసారి ఇదే పని చేయాలి. ఒక్కో తల్లి నుంచి వెయ్యి మొక్కలు అక్కర్లేదు, ఇరవై వస్తే చాలు. ల్యాబ్ పనిని ఇది పూర్తిగా మార్చేస్తుంది. ఒకే రకాన్ని వేగంగా పెంచడానికి అలవాటుపడిన చోట, నిదానంగా వంద రకాల్ని కలిసిపోకుండా కాపాడే పద్ధతి రావాలి. సీసా మీద చీటీ ఊడిపోతే అందులోని మొక్క బతికున్నా రక్షణకు పనికిరాదు. తల్లి చెట్టు నంబరు, కొండ, తేదీ ప్రతి సీసాతోనూ ప్రయాణించాలి.

మొగ్గ నుంచి నేరుగా చిగురు తెప్పించడం, గడ్డలాంటి కాలస్ చేసి దాని నుంచి మొక్కలు తీయడం రెండూ సాధ్యమే. రెండో దారిలో సంఖ్య ఎక్కువ, కానీ కణాల్లో అనుకోని జన్యు మార్పులు చేరతాయి. రక్షణ కోసమైతే మొగ్గ దారే నమ్మదగ్గది.

సీసా బయట ఎండ

పత్రికల్లో అచ్చయిన పద్ధతుల్లో చాలావాటి కథ, సీసా మొక్కను బయటి గాలికీ మట్టికీ అలవాటు చేసే హార్డెనింగ్ బల్ల దగ్గర ముగుస్తుంది. 'ఇంత శాతం మొక్కలు మట్టిలో బతికాయి' అన్న వాక్యంతో పత్రం పూర్తవుతుంది. ఆ శాతం షేడ్ నెట్ కింద కొన్ని వారాల లెక్క. కొండ మీద అయిదేళ్ల లెక్క దాదాపు కనిపించదు. మొగి విషయంలో పద్ధతికీ రక్షణకూ మధ్య మిగిలిపోయింది ఈ దూరమే.

సీసాలోని మొక్క ఆకు మీద మైనపు పొర పలచన. నిండు తేమలో పెరిగింది కాబట్టి ఆకు రంధ్రాలు మూసుకోవడం దానికి చేతకాదు. తిండి కూడా చక్కెర రూపంలో అందింది. అటువంటిదాన్ని 45 డిగ్రీల దాకా పోయే మే నెలలో గుంటూరు గాలికి వదిలితే పురిటిబిడ్డను ఎండలో పడుకోబెట్టినట్టే. కల్చర్ గదిని ఆ ఎండలో 25 డిగ్రీల దగ్గర నిలపడమే ఖరీదైన పని, కరెంటు పోయిన ప్రతిసారీ మొక్కలు వడిలి, బూజు పెరుగుతుంది. ఈ డెల్టాలో హార్డెనింగ్‌కు అనువైన కాలం ఆగస్టు నుంచి నవంబరు. గాలిలో తేమ ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది.

ఆ తర్వాత కొండ. మేకలు తినకుండా ముళ్లకంచె, మంట పాకకుండా గడ్డి చెక్కిన గట్టు, మొదటి రెండు వేసవులు నీళ్లు. ఇంతా చేసి చెట్టు కాశాక దాని గింజను మోసేవారుండాలి. నల్లమలలో నేరేడు, తునికి, మొర్రి గింజలు ఎలుగుబంటి పేడలో దూరాలకు పోతాయి, పక్షులూ మోస్తాయి. నాటిన చెట్లు ఆ జంతువుల దారిలో ఉంటే జాతి తనంతట తాను నడుస్తుంది. రోడ్డు పక్క వరసలో ఉంటే చూడ్డానికి బాగుంటుంది, అంతే.

ఈ పనికి విజయవాడ, గుంటూరు మధ్య ఉన్నన్ని వసతులు రాష్ట్రంలో తక్కువ చోట్ల ఉన్నాయి. లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. బయోటెక్నాలజీ చెప్పే కళాశాలలు రెండు నగరాల్లోనూ ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల లామినార్ ఫ్లో, ఆటోక్లేవ్ పరీక్షల సీజన్లో ప్రాక్టికల్స్‌కు తప్ప వాడరు. అగర్‌కు బదులు ఇసబ్‌గోల్ పొట్టుతో మీడియం గడ్డకట్టించవచ్చని, ల్యాబ్ సుక్రోజ్ బదులు కిరాణా పంచదారతో పని జరుగుతుందని ఎప్పుడో రుజువైంది. ఏటా విద్యార్థులు మారినా, ఒక్కో కళాశాల ఒక్కో కొండకు చెందిన ముప్పై వంశాల బాధ్యత తీసుకుంటే అది డిగ్రీ ప్రాజెక్టుల కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. సీసాలతో పాటు ప్రాంగణంలో ఒక తోట కూడా ఉండాలి, ప్రతి వంశం నుంచి రెండు మూడు చెట్లతో. గదిలో కరెంటు పోయినా మట్టిలో ప్రతి ఉంటుంది. విశాలమైన ఆవరణల్లో అందానికి కోనోకార్పస్ చెట్లు నాటిన డబ్బుతో ఈ పని ఏనాడో జరగాల్సింది.

పాల చెట్టుకు మార్కెట్టే తోడు నిలవగలదు. సపోటా నర్సరీలకు వేరుమొక్క అవసరం ఎప్పుడూ ఉంది, గింజ మొక్క అంటుకు సరిపడా లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. ల్యాబ్ నుంచి సమానమైన వేరుమొక్కలు అందితే నర్సరీ కొంటుంది. అక్కడ ఒకే పోలిక ఉన్నా తప్పులేదు, అది తోట కోసం కాబట్టి. ఆ ఆదాయంతో వేరుగా, వంద వంశాల అడవి పాలను పోషించవచ్చు. రెండు పనులకూ ఒకే గది చాలు, రిజిస్టర్లు మాత్రం రెండుండాలి.

కొండ మీద మాత్రం శాస్త్రవేత్త ఒంటరిగా ఏమీ చేయలేడు. ఏ చెట్టు ఏటేటా కాస్తుందో, ఏది ఏడు విడిచి ఏడు కాస్తుందో, ఏ వాగు పక్కన మిగిలినవి ఉన్నాయో చెంచులకు తెలుసు. పెద్దపులుల అభయారణ్యంలో గింజ ఏరాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి, ఊరి జీవసంపద రిజిస్టరు వాటి దగ్గరుండాలి, వచ్చే లాభంలో ఊరికి వాటా దక్కాలి. మొర్రి గింజకు వ్యాపారి ఇచ్చే ధరకు తగ్గకుండా, పండేదాకా ఆగి ఏరిన గింజకు ల్యాబ్ ధర ఇస్తే, పచ్చికాయ దులపడం ఆ చెట్ల వరకైనా ఆగుతుంది. ఇంతకన్నా చవకైన రక్షణ చర్య ఇంకొకటి లేదు. దీనికి సీసా కూడా అక్కర్లేదు.

చివరగా కాలం లెక్క. నేరేడు జాతి పండు వానల మొదట్లో రాలుతుంది. గింజ దాగదు కాబట్టి కొద్ది రోజుల్లోనే ల్యాబ్ చేరాలి, అంటే అనుమతి కాగితాలు వేసవికి ముందే చేతిలో ఉండాలి. మొలక, చిగుళ్లు, వేళ్లు కలిపి దాదాపు ఏడాది. మరుసటి ఆగస్టులో సీసా బయటికి. నర్సరీలో ఒక చలికాలం, ఒక వేసవి దాటి, రెండో ఏడు జూలైలో కొండ మీదికి. పరిశోధన నిధులు మామూలుగా మూడేళ్లకిస్తారు. మొక్క కొండ మీద మొదటి వేసవి దాటేసరికి నిధి అయిపోతుంది, చెట్లను లెక్కపెట్టే మనిషి వేరే ఉద్యోగంలో చేరిపోతాడు. కనీసం ఎనిమిదేళ్ల నిధి, అందులో సగం సీసాలకు, సగం కంచెకూ నీళ్లకూ లెక్కకూ అని విడదీసి ఇస్తే తప్ప, 1997లో అచ్చయిన పద్ధతి కొండ మీద చెట్టుగా మారదు.